"ఐ ఆల్వేస్ యామ్ బిజీ": ఒక నర్సు ఇంగ్లీష్‌లో అడ్వెర్బ్ ఎక్కడ ఇరుక్కుంది

స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పే మాలో చాలామంది అడ్వెర్బ్ అనగానే బోర్డు మీద లిస్టు రాసేస్తాం. ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్ అని పైనుంచి కిందికి రాసి, పక్కన వంద శాతం నుంచి సున్నా దాకా ఒక గీత గీస్తాం. స్టూడెంట్లు నోట్స్‌లో ఎక్కించుకుంటారు, పరీక్ష పెడితే అర్థాలు కరెక్టుగా రాస్తారు, క్లాసు బయటికి వెళ్లి ఫోన్ ఎత్తగానే మళ్లీ "ఆల్వేస్ ఐ యామ్ బిజీ" అంటారు. వాళ్లకు అర్థం తెలుసు. ఆ మాట ఏ సందులో దూరాలో నోటికి అలవాటు లేదు, అంతే. హన్మకొండలో నయీంనగర్ వైపు నేను నడిపే చిన్న క్లాసులో ఇది రోజూ వినేదే. అయితే ఈ కేసులో స్టూడెంట్ ఒక నర్సు, ఆమె మాటలో అడ్వెర్బ్ ఒక అడుగు పక్కకు పడితే పేషెంట్ సంగతే మారిపోతుంది, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నా.

పేరు రాయను, సిస్టర్ అనే అంటాను. ఊరు నర్సంపేట వైపు. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత నర్సింగ్, ఇప్పుడు వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ. యూకే వెళ్లాలని ఓఈటీకి, అంటే డాక్టర్లు, నర్సుల లాంటి వాళ్ల కోసం పెట్టే ఇంగ్లీష్ పరీక్షకి, తయారవుతోంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ బి గ్రేడ్ కావాలి, రైటింగ్‌లో సి ప్లస్ వస్తే చాలు. ఆమెకు స్పీకింగ్‌లో ఒకసారి సి ప్లస్ వచ్చి ఆగిపోయింది. అంతకుముందు వెళ్లిన కోచింగ్‌లో "మీకు ఫ్లుయెన్సీ బాగుంది, కాన్ఫిడెన్స్ పెంచుకోండి" అని పంపించారట. ఈ సలహా ఎవరికైనా చెప్పొచ్చు, పైసా ఖర్చు లేదు, పైసా లాభమూ లేదు.

నిజానికి ఆమె ఫ్లుయెన్సీయే సమస్యను దాచిపెట్టింది. గబగబా మాట్లాడుతుంది, మందుల పేర్లు, ప్రొసీజర్ల పేర్లు నాకంటే వంద రెట్లు బాగా తెలుసు, వినేవాడికి మొత్తం మీద అర్థమవుతుంది. కానీ ఏదో తేడాగా ఉంటుంది. ఆ తేడా ఏంటో పట్టుకోవాలని రోల్ ప్లే రికార్డు చేశాను. ఓఈటీ స్పీకింగ్ సుమారు 20 నిమిషాలు, అందులో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి 5 నిమిషాలు, అభ్యర్థి నర్సుగానే మాట్లాడాలి, ఎదుటివాళ్లు పేషెంటో, పేషెంట్ తాలూకు మనిషో అవుతారు. నేను ఆపరేషన్ అయిన పెద్దాయన కొడుకులా కూర్చున్నాను. రికార్డింగ్‌ని ఫోన్‌లో ఆటోమేటిక్‌గా టైప్ చేయించకుండా చేత్తో రాసుకున్నాను. ఇతర ట్రైనర్లకు కూడా ఇదే చెప్తాను, ఎందుకంటే ఆ యాప్‌లు చాలాసార్లు తప్పుల్ని తమంతట తామే సర్ది రాసేస్తాయి, మనకు కావాల్సింది ఆ తప్పులే కదా.

రాసుకున్నదాంట్లో అడ్వెర్బ్‌లన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత పెట్టాను. కొన్ని మచ్చుకి:

"ఐ జస్ట్ హ్యావ్ గివెన్ హిమ్ ద ఇంజెక్షన్."
"హీ ఆల్వేస్ ఈజ్ రిమూవింగ్ ద మాస్క్."
"ప్లీజ్ డోంట్ టేక్ ఆఫ్ ఇట్."
"హీ కాంట్ స్టిల్ స్వాలో."
"చెక్ కేర్‌ఫుల్లీ ద డ్రెస్సింగ్."
"ఐ ఓన్లీ చేంజ్‌డ్ ద డ్రెస్సింగ్."

చివరిది చూడ్డానికి తప్పులాగే లేదు. నిజానికి అన్నిటికంటే ప్రమాదం దానితోనే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట గమనించాల్సింది ఆమె ఎక్కడ తప్పు చేయలేదన్నది. "ఐ యూజువల్లీ చెక్ ద బీపీ ఎట్ సిక్స్", "వీ నెవర్ గివ్ దిస్ ఆన్ ఎంప్టీ స్టమక్" లాంటివన్నీ కరెక్టుగా పడ్డాయి. మెయిన్ వెర్బ్ ఒక్కటే ఉన్నప్పుడు తెలుగే ఆమెను కాపాడుతుంది. "నేను మామూలుగా ఆరింటికి చూస్తా" అంటాం కదా, నేను తర్వాత మామూలుగా, ఇంగ్లీష్‌లోనూ ఐ తర్వాత యూజువల్లీ. ప్రొనౌన్ పక్కనే అడ్వెర్బ్ పెట్టెయ్యాలి అన్న అలవాటు ఇక్కడ పని చేసింది.

ఆ అలవాటే యామ్, ఈజ్, ఆర్, హ్యావ్ వచ్చిన చోట తిరగబడింది. "మా ఆయన ఎప్పుడు చూసినా బిజీనే" అనే వాక్యంలో వెర్బ్ ఎక్కడుంది? లేదు. తెలుగులో ఇలాంటి వాక్యానికి ఈజ్ లాంటిది అక్కర్లేదు. కాబట్టి మన బుర్రలో హీ, ఆల్వేస్, బిజీ మూడే తయారవుతాయి, ఆ తర్వాత గ్రామర్ గుర్తొచ్చి ఈజ్‌ని ఎక్కడో ఒకచోట దూర్చాలి. బిజీకి ముందు దూరుస్తాం. "హీ ఆల్వేస్ ఈజ్ బిజీ" అలా పుడుతుంది. హ్యావ్ సంగతీ ఇంతే. "ఇప్పుడే ఇచ్చిన" అన్న ఒక్క మాటలో చేసింది నేనే అన్న సంగతి, పని అయిపోయిందన్న సంగతి రెండూ వెర్బ్ తోకలోనే ఉన్నాయి. అసలు నేను అని విడిగా చెప్పక్కర్లేదు. ఇంగ్లీష్‌లో అదే మాటకు ఐ, హ్యావ్, గివెన్ అని మూడు ముక్కలు కావాలి. మూడు ముక్కలంటే మధ్యలో రెండు సందులు. జస్ట్ ఏ సందులో దూరాలి? ఆమె ఎప్పుడూ మొదటి సందులో పెట్టేది. ఇంగ్లీష్‌కి మామూలుగా కావాల్సింది రెండోది.

టెక్స్ట్‌బుక్ రూల్ అందరికీ తెలిసిందే: మెయిన్ వెర్బ్‌కి ముందు, బీ వెర్బ్ తర్వాత, హెల్పింగ్ వెర్బ్‌లు ఎన్ని ఉన్నా మొదటిదాని తర్వాత. సిస్టర్‌కీ ఈ రూల్ వచ్చు. నేను అడిగితే తడబడకుండా చెప్పింది. చెప్పి, వెంటనే, "బట్ సార్, ఐ ఆల్వేస్ యామ్ ఫర్‌గెటింగ్" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. రూల్ తెలిసీ నోటికి రానప్పుడు అదే రూల్‌ని ఇంకోసారి చెప్పడం దండగ.

నేను చేసింది అడ్వెర్బ్‌ని పక్కన పెట్టేయడం. కొన్నాళ్లు క్లాసులో ఆ మాటే ఎత్తలేదు. దాని బదులు షార్ట్ ఫామ్‌లు పట్టుకున్నాం. ఐమ్, ఐవ్, ఐల్, హీజ్, షీజ్, దేవ్, వీల్. ఐ యామ్ అని రెండు మాటలుగా కాదు, ఐమ్ అని ఒకే దెబ్బకి. కారణం సింపుల్. మనిషి నోట్లో ఐ, హ్యావ్ రెండూ కలిసి ఐవ్ అయిపోతే ఇక వాటి మధ్య జస్ట్ దూరడానికి సందే ఉండదు. "ఐవ్" అన్నాక జస్ట్ వెళ్లాల్సిన చోటు ఒకటే మిగులుతుంది. "ఐవ్ జస్ట్ గివెన్ హిమ్ ద ఇంజెక్షన్." "హీజ్ ఆల్వేస్ రిమూవింగ్ ద మాస్క్." "షీజ్ ఆల్రెడీ హ్యాడ్ హర్ టాబ్లెట్స్." రూల్ గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు, తప్పు చేయాలన్నా నోరు ఒప్పుకోదు.

ఆమె మొదట ఒప్పుకోలేదు.

"గట్ల ముక్కలు ముక్కలు మాట్లాడితే మర్యాద లేనట్టు ఉండదా సార్? మా స్కూల్ల ఐ యామ్ అని మొత్తం రాయాలె, ఐమ్ అని రాస్తే మార్కులు కట్ చేస్తుండె."

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. మన దగ్గర చాలామందికి షార్ట్ ఫామ్ అంటే బద్ధకం, పూర్తిగా పలికితే మర్యాద అని ఒక నమ్మకం. రాతలో అది కొంత నిజమే. మాటలో మాత్రం అచ్చంగా తిరగబడుతుంది. మంచం మీదున్న పేషెంట్‌తో "ఐ యామ్ గోయింగ్ టు చెక్ యువర్ బీపీ" అని ఒక్కో మాటా నొక్కి పలికితే, వినేవాడికి మర్యాదగా కాదు, ఏదో వార్నింగ్ ఇస్తున్నట్టో, ఇంతకుముందే చెప్పాను కదా అని విసుక్కుంటున్నట్టో ఉంటుంది. ఇది వివరిస్తే ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంగ్లీష్ నర్సులు మాట్లాడే ట్రైనింగ్ వీడియోలు కొన్ని పెట్టి, యామ్ అని పూర్తిగా వినిపించిన ప్రతిసారీ చెయ్యెత్తమన్నాను. చెయ్యి దాదాపు లేవలేదు. అప్పుడు ఒప్పుకుంది.

షార్ట్ ఫామ్‌లు నోటికి వచ్చాక బీ, హ్యావ్, విల్ దగ్గర తప్పులు చాలావరకు వాటంతట అవే పోయాయి. "ఐల్ ప్రాబబ్లీ కమ్ బ్యాక్ ఎట్ ఎయిట్" అని ఎవరూ చెప్పకుండానే అంటోంది. కానీ నాట్ వచ్చేసరికి మళ్లీ గందరగోళం, ఎందుకంటే అక్కడ అతుక్కునేవి వేరే. ఐ, విల్ అతుక్కోవడం మానేసి, విల్, నాట్ అతుక్కుని వోంట్ అవుతాయి. అతుకు చోటు మారింది కాబట్టి ప్రాబబ్లీ చోటూ మారాలి, "ఐ ప్రాబబ్లీ వోంట్". ఇదే పద్ధతిలో "హీ స్టిల్ కాంట్ స్వాలో", "షీ స్టిల్ హాజంట్ ఈటెన్", "హీ సమ్‌టైమ్స్ డజంట్ స్లీప్". అతుక్కున్న ముక్కను చీల్చొద్దు, దాని ముందు నిలబడు, అంతే. అయితే ఇది అన్నిటికీ కుదరదు. ఆల్వేస్, ఎవర్ రెండూ నాట్ తర్వాతే ఉంటాయి, ముందుకు రావు.

ఆల్వేస్ దగ్గర మన తెలుగు వాళ్లకు ఇంకో గుంత ఉంది. "ఆయన ఎప్పుడూ బీపీ గోలీ వేసుకోడు" అని కేస్ షీట్‌లో రాయాల్సి వచ్చినప్పుడు సిస్టర్ "హీ ఆల్వేస్ డజంట్ టేక్" అంది. ఎప్పుడూ అంటే ఆల్వేస్, వేసుకోడు అంటే డజంట్ టేక్, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఇంగ్లీష్ మనిషి దీన్ని విని ఒక క్షణం ఆగిపోతాడు. అసలు వేసుకోకపోతే "హీ నెవర్ టేక్స్ ఇట్". అప్పుడప్పుడు మానేస్తుంటే "హీ డజంట్ ఆల్వేస్ టేక్ ఇట్". మొదటిదానికీ రెండోదానికీ డాక్టర్ తీసుకునే నిర్ణయమే వేరు. ఒకరికి కొత్తగా మందు మొదలుపెట్టాలి, ఇంకొకరికి రోజూ గుర్తు చేసే మనిషి కావాలి.

రియల్లీ ఇంకా ఘోరం. ఇది మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు దొరికింది. ఓఈటీ లిజనింగ్‌లో పార్ట్ ఎ అంటే పేషెంట్, హెల్త్ ప్రొఫెషనల్ మాట్లాడుకునేది విని నోట్స్‌లో ఖాళీలు నింపాలి, మొత్తం 42 మార్కుల్లో 24 దానివే. అలాంటి ప్రాక్టీసులో నేను పేషెంట్‌గా "ఇట్ డజంట్ రియల్లీ హర్ట్" అని చదివాను. ఆమె నొప్పి లేదు అని రాసింది. నొప్పి ఉంది, పెద్దగా లేదు, అంతే. "ఇట్ రియల్లీ డజంట్ హర్ట్" అంటేనే అస్సలు లేదని. రియల్లీ డజంట్‌కి అటు ఉందా ఇటు ఉందా అన్నదాని మీద పెయిన్ స్కోర్ ఆధారపడి ఉంది! మాట్లాడే మనిషికి ఇది ఆలోచించి చేసే పని కాదు, అలా వచ్చేస్తుంది, కాబట్టి వినేవాళ్లే పట్టుకోవాలి. దీనికి షార్ట్‌కట్ ఏమీ దొరకలేదు నాకు. ఇలాంటి జతలు తయారు చేసి, నేను చదవడం, ఆమె తెలుగులో చెప్పడం. "ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్" అంటే "అంత ఇష్టం లేదు". "ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్" అంటే "నాకు అస్సలు నచ్చదు". ఇంగ్లీష్ క్లాసులో తెలుగు మాట్లాడొద్దనే వాళ్లు నాకు తెలుసు, ఈ పనికి మాత్రం తెలుగు లేకుండా అర్థమైందో లేదో తెలుసుకునే దారి లేదు.

ఇక ప్రొనౌన్ అవతలి వైపు. "డోంట్ టేక్ ఆఫ్ ఇట్."

ఫ్రేజల్ వెర్బ్‌లు మన పుస్తకాల్లో ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. టేక్ ఆఫ్ అంటే తీసేయడం, పుట్ ఆన్ అంటే వేసుకోవడం, వేక్ అప్ అంటే లేపడం. రెండు మాటలూ కలిపి ఒక అర్థం, ఒక లైను. బట్టీ పట్టినవాళ్లకు టేక్ ఆఫ్ అనేది విడదీయరాని ఒకే మాట అయిపోతుంది, మన "తీసెయ్" లాగా. దాని వెనకాల ఇట్ తగిలిస్తారు. మాస్క్ అన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, "టేక్ ఆఫ్ ద మాస్క్" కరెక్టే, "టేక్ ద మాస్క్ ఆఫ్" కూడా కరెక్టే. మాస్క్ కాస్తా ఇట్ అయ్యిందంటే మాత్రం రెండో దారి ఒక్కటే, "టేక్ ఇట్ ఆఫ్". నర్సు రోజంతా వాడేవన్నీ ఇవే: రోల్ ఇట్ అప్, స్పిట్ ఇట్ అవుట్, సిట్ హర్ అప్, వేక్ హిమ్ అప్, నోట్ ఇట్ డౌన్, త్రో దెమ్ అవే.

దీనికీ మందు అదే దొరికింది. ఇట్, హిమ్, హర్ లాంటి చిన్న ప్రొనౌన్‌లు ఇంగ్లీష్ మాటలో విడిగా పలకవు, ముందున్న వెర్బ్‌ని కరుచుకుంటాయి. టేక్ ఇట్ కాదు, టేకిట్. వేక్ హిమ్ కాదు, వేకిమ్. సిట్ హర్ కాదు, సిటర్. హ సగం మాయమవుతుంది. అలా పలికించాను. "టేకిట్ ఆఫ్. వేకిమ్ అప్. సిటర్ అప్." టేకిట్ ఒక ముక్క అయ్యాక ఆఫ్ దాని వెనక పడక తప్పదు. ఆఫ్‌ని గట్టిగా పలకాలి, ఇట్‌ని మింగేయాలి. తెలుగులో మనం ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం కాబట్టి ఈ మింగడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆమె అయితే "తాగినోళ్లు మాట్లాడినట్టు ఉంది సార్" అంది. రెండు వారాలు దాటేసరికి వార్డులో కూడా అలాగే వస్తోందని ఆమే చెప్పింది.

ఇదే పట్టుతో ఇంకో తప్పూ పోయింది. వెర్బ్‌కీ ఇట్‌కీ మధ్య ఏదీ దూరకూడదు కాబట్టి "చెక్ కేర్‌ఫుల్లీ ఇట్" అనలేం, "చెకిట్ కేర్‌ఫుల్లీ" అనాల్సిందే. ఇది నోటికి పడ్డాక మామూలు నౌన్‌కి కూడా పాకింది, "చెక్ ద డ్రెస్సింగ్ కేర్‌ఫుల్లీ". ఇది నేను అనుకోని లాభం. నిజానికి ఆబ్జెక్ట్ మరీ పొడవుగా ఉంటే అడ్వెర్బ్ మధ్యలోకి వస్తుంది, "ఎక్స్‌ప్లెయిన్ కేర్‌ఫుల్లీ వాట్ హీ షుడ్ ఈట్ అండ్ వాట్ హీ షుడ్ అవాయిడ్" అంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ స్టేజికి వచ్చేవరకు ఈ సంగతి చెప్పకపోవడమే మేలు, చెప్తే అన్నిచోట్లా మినహాయింపే గుర్తుంటుంది.

ఒక చోట మందు ఎక్కువైంది. ఫ్రేజల్ వెర్బ్ కనిపిస్తే చాలు మధ్యలో ప్రొనౌన్ పెట్టేస్తోంది. "ఐల్ లుక్ హర్ ఆఫ్టర్." "వెయిట్ మీ ఫర్." ఇక్కడ ఆఫ్టర్, ఫర్ ఇంకో జాతి, ప్రిపొజిషన్లు, ఇవి తమ వెనకున్న మాటను వదలవు. ఈ జాతుల పేర్లు స్టూడెంట్‌కి చెప్పి లాభం లేదు, ఒకే ఆన్ ఒకచోట ఇలా ఇంకోచోట అలా ఉంటుంది: "పుట్ ఇట్ ఆన్" అంటాం, "లై ఆన్ ఇట్" అంటాం. పరీక్షించే దారి ఒకటుంది. ప్రొనౌన్ బదులు నౌన్ పెట్టి మధ్యలోకి తెచ్చి చూడాలి. "పుట్ ద మాస్క్ ఆన్" బాగుంది కదా, అయితే ఇట్ మధ్యలోకే పోవాలి. "లై ద బెడ్ ఆన్" చెవికే ఒప్పదు, అయితే ఇట్ చివర్నే. "లుక్ ద పేషెంట్ ఆఫ్టర్", ఛీ. "వేక్ ద పేషెంట్ అప్", ఓకే. చదువుకున్నవాళ్లకు నౌన్‌తో వాక్యం ఎలా ఉంటుందో చెవికి తెలిసే ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష చాలావరకు దెబ్బతినదు.

ఇప్పుడు ఓన్లీ.

"ఐ ఓన్లీ చేంజ్‌డ్ ద డ్రెస్సింగ్." సిస్టర్ ఉద్దేశం "డ్రెస్సింగ్ నేనే మార్చిన". ఇంగ్లీష్ చెవికి వినపడేది "డ్రెస్సింగ్ మార్చడం తప్ప ఇంకేం చేయలేదు". డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో ఈ వాక్యం చెప్తే అవతలి నర్సు ఏమనుకుంటుంది? మందులు ఇవ్వలేదేమో, మళ్లీ ఇవ్వాలేమో అనుకుంటుంది. డబుల్ డోస్ అక్కడే పుడుతుంది. మనకు ఏ అనే చిన్న తోక ఉంది, ఏ మాటకు కావాలంటే ఆ మాటకు తగిలించుకోవచ్చు, నేనే, నిన్ననే, డ్రెస్సింగే. ఆ సుఖం ఇంగ్లీష్‌లో లేదు. వాళ్లు మాట్లాడేటప్పుడు ఓన్లీని ఎక్కువగా వెర్బ్ ముందు పడేసి, ఏ మాట గురించి చెప్తున్నారో దాన్ని గొంతుతో నొక్కుతారు. "నేనే" అనే అర్థానికి అసలు ఓన్లీయే వాడరు, ఐ మీద బరువు పెడతారు, లేదా "ఐ చేంజ్‌డ్ ఇట్ మైసెల్ఫ్" అంటారు. ఇక "నిన్ననే చేరిండు" అన్నదానికి "యెస్టర్డే ఓన్లీ హీ గాట్ అడ్మిటెడ్" అనడం మన దేశమంతా ఉన్నదే, దాంట్లో అర్థం చెడదు, కాబట్టి దాని మీద టైమ్ పెట్టలేదు. "ఐ ఓన్లీ" మీద మాత్రం పట్టు వదల్లేదు. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన రోజున అది మళ్లీ పైకి తేలేది, ఇప్పటికీ తేలుతుంది.

రైటింగ్ గురించి కొంచెం. ఓఈటీ లెటర్‌కి 45 నిమిషాలు, 180 నుంచి 200 పదాలు, అది డాక్టర్‌కో ఇంకో నర్సుకో రాసే ఉత్తరం కాబట్టి షార్ట్ ఫామ్‌లు బాగుండవు. నోటికి ఐవ్ నేర్పి, చేతికి ఐ హ్యావ్ రాయమంటే అడ్వెర్బ్ మళ్లీ జారిపోతుందేమో అని చూశాను. కొంత జారింది, అదీ ప్యాసివ్‌లో. "హీ హ్యాజ్ బీన్ ఆల్రెడీ గివెన్ యాంటీబయాటిక్స్" అని రాసేది. "హీజ్ ఆల్రెడీ బీన్ గివెన్" అని ముందు నోటితో పలికి, పలికిన వరసలోనే, హీజ్‌ని మాత్రం హీ హ్యాజ్‌గా విప్పి రాయమన్నాను. అతుకు విప్పు, వరస కదపకు. ఇందులో ఒక మెలిక ఉంది: ఎలా చేశారో చెప్పే అడ్వెర్బ్ అయితే మొదటి హెల్పింగ్ వెర్బ్‌ని కాదు, చివరి మెయిన్ వెర్బ్‌ని అంటిపెట్టుకుంటుంది, "ద ఊండ్ హ్యాజ్ బీన్ థరోలీ క్లీన్‌డ్". ఆల్రెడీ ముందుకి, థరోలీ వెనక్కి. ఆమెకు ఇది తొందరగానే పట్టుబడింది, ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు, సాధారణంగా ఇక్కడ అందరూ తన్నుకుంటారు.

ఇంకో చిన్న సంగతి, ఇది చివర్లో వచ్చింది. అతుకుల లెక్క అంతా నేర్చుకున్నాక సిస్టర్‌కి ఒక అనుమానం. "అయితే నేను ఫస్ట్ నుంచి అంటున్న ఐ ఆల్వేస్ యామ్ ఎప్పుడూ తప్పేనా సార్?" కాదు. ఎవరైనా "యూ ఆర్ ఆన్ నైట్ డ్యూటీ అగెయిన్?" అంటే "ఐ ఆల్వేస్ యామ్" అనొచ్చు. వాక్యం యామ్‌తోనే ఆగిపోతే అక్కడ ఐమ్ అని కుదించలేం, "యెస్, ఐమ్" అని ఏ ఇంగ్లీష్ మనిషీ అనడు. అతుకు లేదు కాబట్టి యామ్ ముందున్న సందు ఆల్వేస్‌కి తెరుచుకుంటుంది. "హీ యూజువల్లీ ఈజ్", "షీ నెవర్ హ్యాజ్", అన్నీ ఇదే కోవ. గట్టిగా నొక్కి చెప్పినప్పుడూ అంతే: పేషెంట్ నమ్మట్లేదనుకోండి, "ఐ రియల్లీ యామ్ సారీ" అనొచ్చు, అక్కడ యామ్ మీద బరువుంది, కుదించడానికి లేదు. కుదించగలిగితే తర్వాత, కుదించలేకపోతే ముందు. ఈ ఒక్క కొలతతో అంతకుముందు నేను విడివిడి మినహాయింపులుగా చెప్పే చాలా సంగతులు ఒకే చోటికి వచ్చాయి.

హియర్, దేర్ దగ్గర ప్రొనౌన్ చేసే గమ్మత్తు కాజీపేట స్టేషన్ ఉదాహరణతో ఐదు నిమిషాల్లో అయిపోయింది. బండి వస్తోందంటే "హియర్ కమ్స్ ద ట్రైన్", బండి అన్నది ఇట్ అయితే "హియర్ ఇట్ కమ్స్". వార్డులో "హియర్ కమ్స్ ద డాక్టర్", "హియర్ షీ కమ్స్". నౌన్ వెర్బ్ వెనక్కి పోతుంది, ప్రొనౌన్ పోదు. టాబ్లెట్ చేతికిచ్చేటప్పుడు "హియర్ ఇట్ ఈజ్", "హియర్ యూ ఆర్". డైలీని వాక్యం మొదట్లో పెట్టే అలవాటుకి అంత టైమ్ కూడా పట్టలేదు, దాన్ని ఎవ్రీ డే చేసి చివరికి తోసేశాం.

రెండోసారి పరీక్షలో స్పీకింగ్‌లో బి వచ్చింది, మిగతావి ముందే సరిపోయాయి. గ్రేడ్ పెరగడానికి అడ్వెర్బ్‌లే కారణమని నేను అనను. ఆ పరీక్షలో గ్రామర్‌తో పాటు ఉచ్చారణ, ఫ్లుయెన్సీ, పేషెంట్‌తో మాట్లాడే తీరు అన్నీ చూస్తారు. షార్ట్ ఫామ్‌లు పట్టడంతో ఆమె మాట లయ మొత్తం మారింది, రోల్ ప్లేలో ముందున్న కరుకుదనం పోయింది, నా అంచనాలో వాటి వాటా అడ్వెర్బ్‌ల వాటా కంటే ఎక్కువే ఉంటుంది. పాత రికార్డింగ్, కొత్త రికార్డింగ్ పక్కపక్కన వింటే ముందు చెవికి తగిలేది అదే.

ఇప్పుడు నా క్లాసులో ఆల్వేస్ నుంచి నెవర్ దాకా ఉండే ఆ లిస్టు షీట్ మొదటి వారంలో ఇవ్వట్లేదు. షార్ట్ ఫామ్‌లు, టేకిట్, గివిమ్ లాంటి కలిపి పలికే ముక్కలు ముందు, అడ్వెర్బ్‌లు వాటి మీద. నర్సులకు, హోటల్ రిసెప్షన్‌లో చేసేవాళ్లకు ఇది బాగా పని చేస్తోంది. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగాలకు వెళ్లే పిల్లలతో మాత్రం వేరే తలనొప్పి, వాళ్లు ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని షార్ట్ ఫామ్‌లు ఎప్పుడో నేర్చుకుని వస్తున్నారు, నోట్లో అడ్వెర్బ్ కరెక్టుగానే పడుతుంది, క్లయింట్ మెయిల్ రాయమంటే మర్యాద కోసం షార్ట్ ఫామ్ విప్పుతూ ఆల్రెడీని కూడా పట్టుకుని ముందుకు లాగేస్తారు, "వీ ఆల్రెడీ హ్యావ్ షేర్‌డ్ ద ఫైల్" అని. వాళ్లకు సిస్టర్‌కి రైటింగ్‌లో చేసినట్టే, ముందు వాయిస్ మెసేజ్‌గా చెప్పించి, దాన్నే మెయిల్‌గా రాయిస్తున్నాను.